మౌనంగా నిలబడిన మనిషి

విరామ వేళ

దసరా సంచిక పాఠకుల చేతికి అందేసరికి మన షాపులలో ఆయుధపూజ ముగిసి, యంత్రాలకు కట్టిన బంతిపూల దండలు వాడిపోయి ఉంటాయి. ఏటా ఆ దండలు విప్పే రోజున మాకు ఒక పాత సంగతి జ్ఞప్తికి వస్తుంది. అది మాకు గౌరవం తెచ్చే సంగతి కాదు. కనుకనే ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో దానిని ప్రస్తావించలేదు. ఈసారి మత స్వాతంత్ర్యాన్ని గురించి వ్రాయ సంకల్పించినప్పుడు, ముందుగా మా పొరపాటు చెప్పుకొనకుండా పెద్ద మాటలు చెప్పడం న్యాయం కాదనిపించింది.

పాతికేళ్ల క్రిందటి మాట. అప్పుడు మేము ఒక మరమ్మతుల షాపులో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉండేవారము. ఆయుధపూజ అంటే అక్కడ పెద్ద పండుగ. ముందురోజే నూనె మరకలు కడిగి, లేత్‌లను, డ్రిల్లింగ్ యంత్రాలను తుడిచి మెరుగుపెట్టి, క్రేను కొక్కేనికి మామిడాకులు కట్టేవారు. పూజకు ఇంటిల్లిపాదీ వస్తారు, పిల్లలు యంత్రాల చుట్టూ తిరుగుతారు. కనుక మెయిన్ స్విచ్‌లు కట్టివేసి, తాళాలు వేసి, పర్మిట్ మీద ఎలక్ట్రీషియన్ సంతకం చేసిన తరువాతనే ఎవరైనా యంత్రాన్ని తాకాలి. ఆ ఏడు ఆ పని చేసినవాడు ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా నిండని ఒక యువకుడు. తెల్లవారుజామున వచ్చి, ఒక్కొక్క స్విచ్‌కు తాళం వేసి, ప్రతి యంత్రం దగ్గర మీట నొక్కి విద్యుత్తు రావడం లేదని పరీక్షించి, సంతకం చేసి, తాళం చెవుల గుత్తిని మేస్త్రి గారికి అప్పగించాడు.

హారతి పళ్లెం అందరి ముందుకూ వస్తున్నది. అతడు తలుపు ప్రక్కన వినయంగా నిలబడి ఉన్నాడు. పళ్లెం తన వద్దకు వచ్చినప్పుడు మెల్లగా తల అడ్డంగా ఊపి, ఒక అడుగు వెనుకకు వేశాడు. బొట్టు పెట్టుకోలేదు. అతని మతం ఏదో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది చెప్పనవసరం లేని విషయమని చెప్పడానికే ఈ వ్యాసం.

ఎవరో గొణిగారు. మరెవరో, "జీతం కావాలి గాని పూజ అక్కరలేదా?" అన్నారు. వాతావరణం చెడుతున్నదని గ్రహించి మేము పెద్దరికం చేయబోయాము. "ఏమయ్యా, ఒక్క బొట్టు పెట్టుకుంటే నీ సొమ్మేం పోతుంది? పదిమందితో పాటు ఉండాలి గదా!" అన్నాము. నలుగురి ఎదుట అన్నాము, నవ్వుతూ అన్నాము. నవ్వుతూ అన్నంత మాత్రాన అది ఆజ్ఞ కాకుండా పోదని అప్పటికి మాకు తెలియదు. పై అధికారి నవ్వుకు కూడా ఒక బరువు ఉంటుంది. అతని ముఖం ఎర్రబడింది. "క్షమించండి సార్. పూజకు నేను అడ్డం రాలేదు" అని మాత్రం అన్నాడు.

పూజ జరిపిస్తున్న మేస్త్రి గారు ఆచారవంతులు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినా స్నానం, పూజ ముగియకుండా మంచినీళ్లు ముట్టని మనిషి. ఆయన పళ్లెం క్రింద పెట్టి మా దగ్గరకు వచ్చారు. "సార్, ఇప్పుడు మనమందరం యంత్రాల మీద చేతులు వేసింది ఎవరిని నమ్మి? ఈ అబ్బాయి సంతకాన్ని నమ్మే గదా! మనసు ఒప్పని చోట చేయి జోడించని మనిషి, చూడకుండా సంతకం కూడా పెట్టడు. అటువంటివాడు మన షాపులో ఉండడం మన అదృష్టం" అన్నారు. తరువాత తాళం చెవుల గుత్తి తీసి మళ్లీ ఆ యువకుని చేతికే ఇచ్చారు. పూజ కొనసాగింది.

ఆ మాటలోని లెక్క మాకు పూర్తిగా బోధపడడానికి కొంతకాలం పట్టింది. కర్మాగారం ఉక్కుతోనూ విద్యుత్తుతోనూ మాత్రమే నడవదు. సంతకాల మీద నడుస్తుంది. పరీక్షించాను, సరిగా ఉన్నది అని ఒకరు వ్రాస్తే, మరొకరు తమ ప్రాణాన్ని ఆ వ్రాత మీద పెట్టి లోపలికి దిగుతారు. మనసులో లేనిదానిని పైకి చూపమని మనిషిని నిర్బంధించిన ప్రతిసారీ, ఆ సంతకం విలువను మనమే కొంత తగ్గిస్తున్నాము. బొట్టు విషయంలో నటించడానికి అలవాటు పడిన మనిషి తనిఖీ పుస్తకంలో నటించడని హామీ ఏమున్నది? మానవ గౌరవం అనే పెద్ద మాటకు మాకు దొరికిన చిన్న అర్థం ఇది: మనిషి లోపలి మాటకూ పైమాటకూ మధ్య ఇతరులు గోడ కట్టకుండా ఉండడం.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ సంగతిని మాకంటె ఎంతో ముందుగా, ఎంతో లోతుగా ఆలోచించారు. పీఠికలోనే ఆలోచన, భావ ప్రకటన, విశ్వాసం, ధర్మం, ఆరాధన అనే ఐదింటికి స్వేచ్ఛను ప్రకటించారు. 25వ అధికరణలో మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఉన్నదని మనందరికీ తెలుసు. అయితే ఆ మూడింటికంటె ముందు అక్కడ ఇంకొక మాట ఉన్నది: అంతరాత్మ స్వాతంత్ర్యం. ఇల్లు కట్టేవారు ముందు పునాది పోసినట్లు, గుడికి, మసీదుకు, చర్చికి ముందు మనిషి అంతరాత్మను పెట్టారు. ఇంకొక విశేషం కూడా గమనించదగినది. ఈ హక్కు పౌరులకు మాత్రమే పరిమితం కాదు. ఈ నేల మీద ఉన్న సర్వ వ్యక్తులకూ ఉన్నది. మన టౌన్‌షిప్‌కు యంత్రాలు బిగించడానికి వచ్చి నాలుగు నెలలు ఉండి వెళ్లే విదేశీ నిపుణునికి కూడా ఆ రక్షణ వర్తిస్తుంది.

ఆ అధికరణ సులభంగా రాలేదు. ముసాయిదాలో అది 19వ అధికరణగా ఉండేది. దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న కాలంలో, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభ దానిని చర్చించింది. 'ప్రచారం' అనే మాట ఉండరాదని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. క్రైస్తవులు కాని కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి వంటివారు ఆ మాట ఉండవలసినదేనని నిలబడ్డారు. డిసెంబరు 6న సభ దానిని ఆ మాటతో సహా ఆమోదించింది. తరువాత 1977లో సుప్రీంకోర్టు, ప్రచార హక్కు అంటే తన మత సిద్ధాంతాలను ఇతరులకు తెలియజెప్పే హక్కే గాని, మరొకరిని తన మతంలోనికి మార్చే హక్కు కాదని తీర్పు చెప్పింది. చెప్పే హక్కు ఒకరిదైతే, విని నిర్ణయించుకొనే అంతరాత్మ మరొకరిది.

ఇక మా మేస్త్రి గారి మాటకు దగ్గర బంధువైన ఒక తీర్పును గురించి చెప్పాలి. 1985లో కేరళలోని ఒక పాఠశాలలో ముగ్గురు తోబుట్టువులు చదువుకునేవారు. వారిది యెహోవా సాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖ. దేవుని ప్రార్థనలో తప్ప మరెక్కడా అటువంటి గీతాలలో గొంతు కలపరాదని వారి విశ్వాసం. ఉదయం సభలో జాతీయగీతం పాడేటప్పుడు ఆ పిల్లలు అందరితో పాటు లేచి, గౌరవంగా, నిటారుగా నిలబడేవారు, పాడేవారు కాదు. వారి కంటె ముందు అదే బడిలో చదివిన అక్కలు కూడా అలాగే నిలబడేవారు. ఏళ్ల తరబడి ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ సంవత్సరం ఒక శాసనసభ్యుడు దీనిని గమనించి సభలో ప్రశ్న లేవదీశారు. విచారణకు ఒక సంఘం వేశారు. ఆ పిల్లలు క్రమశిక్షణ గలవారనీ, జాతీయగీతాన్ని అవమానించలేదనీ ఆ సంఘమే నివేదించింది. అయినప్పటికీ పై అధికారి ఆదేశం మేరకు 1985 జూలై 26న వారిని బడి నుండి తొలగించారు. హైకోర్టులో వారికి ఊరట లభించలేదు. చివరకు సుప్రీంకోర్టుకు వచ్చారు.

1986 ఆగస్టు 11న తీర్పు వెలువడింది. దానిని వ్రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు, వారితో కూర్చున్నవారు న్యాయమూర్తి ఎం.ఎం. దత్ గారు. పాడి తీరవలసినదని నిర్బంధించే చట్టం దేశంలో ఏదీ లేదు. 1971 నాటి జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం శిక్షించేది పాడనివారిని కాదు, పాడేవారిని అడ్డుకొనేవారిని, సభను భంగపరిచేవారిని. గౌరవంగా లేచి నిలబడడమే గౌరవమని న్యాయస్థానం తేల్చింది. బడి నుండి తొలగించడం ఆ పిల్లల భావ ప్రకటన స్వేచ్ఛకు, అంతరాత్మ స్వాతంత్ర్యానికి భంగమని ప్రకటించి, వారిని తిరిగి చేర్చుకోమని ఆదేశించింది.

ఆ తీర్పులో ఇంజనీర్లమైన మమ్మల్ని ఆకర్షించినది దాని కొలత. ఒక విశ్వాసం మన బుద్ధికి సమంజసంగా తోచునా, మన హృదయానికి నచ్చునా అన్నది ప్రశ్న కాదన్నారు న్యాయమూర్తులు. ఆ విశ్వాసాన్ని ఆ మనిషి నిజాయితీగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడా అన్నదే ప్రశ్న. అట్లు నమ్మితే, రాజ్యాంగం విధించిన హద్దులలో దానికి రక్షణ ఉన్నది. అంతేకాదు, లెక్కకు రానంత చిన్న సమూహం కూడా రాజ్యాంగం నీడలో తన ఉనికిని నిలుపుకోగలగడమే ప్రజాస్వామ్యానికి పరీక్ష అన్నారు. వంతెన బలాన్ని దాని మీద నడిచే జనం సంఖ్యను బట్టి కాక, దానిలోని అతి బలహీనమైన అతుకును బట్టి నిర్ణయిస్తాము గదా! సమాజానికీ అదే సూత్రం.

ఈ తీర్పును మేము చదివినది మా షాపులో జరిగిన సంఘటనకు చాలా ఏళ్ల తరువాత. చదివిన రోజున ఆ పిల్లలకు బదులు తలుపు ప్రక్కన నిలబడిన మా ఎలక్ట్రీషియన్ ముఖమే కనిపించింది. వారు పాడలేదు, అతడు బొట్టు పెట్టుకోలేదు. వారు లేచి నిలబడ్డారు, అతడూ నిలబడ్డాడు. ఎవరి పూజకూ, ఎవరి పాటకూ వారు అడ్డం రాలేదు. మౌనం అవమానం కాదు. ఒక్కొక్కప్పుడు మౌనంగా ప్రక్కన నిలబడడం, నమ్మకం లేకుండా గొంతు కలపడం కంటె ఎక్కువ గౌరవం.

ఇది పడమటి దేశాల నుండి మనం అరువు తెచ్చుకొన్న ఆలోచన అని కొందరు మిత్రులు అంటూ ఉంటారు. అటువంటివారు వీలు చూసుకొని ఒకసారి కర్నూలు జిల్లాలోని ఎర్రగుడికి వెళ్లిరావాలని మా మనవి. గుత్తి నుండి పత్తికొండ పోయే దారిలో, రాళ్ల గుట్టల మీద క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దపు అశోకుని శాసనాలు ఉన్నాయి. 1929లో వాటిని లోకం దృష్టికి తెచ్చినవారు పురాతత్త్వ పండితులు కారు. రాళ్లను పరీక్షించడానికి వెళ్లిన ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆ బ్రాహ్మీ లిపిని 1837లో చదివి చెప్పిన జేమ్స్ ప్రిన్సెప్ కూడా కలకత్తా టంకశాలలో లోహాలను పరీక్షించే ఉద్యోగి. మన వృత్తివారు అప్పుడప్పుడు ఇటువంటి మంచి పనులు కూడా చేస్తారని చెప్పుకోవడానికి మాకు సంతోషం.

ఎర్రగుడిలో పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో పన్నెండవది పూర్తిగా ఈ విషయం మీదనే. రాజు తాను అన్ని మత శాఖల వారిని, సన్యాసులను, గృహస్థులను గౌరవిస్తానని చెబుతాడు. కానుకలకంటె, సత్కారాలకంటె ముఖ్యమైనది అన్ని శాఖలలోని సారం వృద్ధి పొందడమని అంటాడు. ఆ వృద్ధికి మూలం ఏమిటో కూడా చెబుతాడు: వాక్కును అదుపులో ఉంచుకోవడం. సందర్భం లేకుండా తన మతాన్ని పొగడుకోవడం, ఇతరుల మతాన్ని కించపరచడం తగదు. తన మతం మీది అభిమానంతో ఇతర మతాన్ని నిందించేవాడు చివరకు తన మతానికే హాని చేస్తాడు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి, కలిసి ఉండడమే మేలు — ఇదీ దాని సారాంశం. దాని ప్రక్కనే ఉన్న పదమూడవ శాసనం కళింగ యుద్ధంలో చనిపోయినవారిని తలచుకొని రాజు పడిన పశ్చాత్తాపం. రెండింటినీ కలిపి చదివితే, వాక్కుకు అదుపు అన్న ఉపదేశం యుద్ధాన్ని కళ్లారా చూసిన మనిషి నోట వచ్చినదని తెలుస్తుంది. "నీ సొమ్మేం పోతుంది?" అన్న మా మాటను ఆ బండ ముందు నిలబడి తలచుకొన్నప్పుడు మాకు సిగ్గు కలిగింది.

ఆ రాజు పేరుతో ముడిపడిన ఒక దసరాను కూడా మరువరాదు. 1956 అక్టోబరు 14, విజయదశమి. అశోక విజయదశమిగా పాటించే ఆ రోజున నాగపూరులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధాన్ని స్వీకరించారు. హిందువుగా పుట్టినా హిందువుగా మరణించనని ఆయన 1935లో యేవలాలో ప్రకటించారు. ప్రకటనకూ దీక్షకూ మధ్య ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆ మధ్యకాలంలో ఆయన వివిధ మతాలను పరిశీలించారు, చదివారు, వాదించారు. దేశానికి రాజ్యాంగ ముసాయిదాను అందించిన మనిషికి కూడా, తన గౌరవం కోసం తన మతాన్ని తానే ఎన్నుకోవలసిన అవసరం కలిగింది. అంతరాత్మ స్వాతంత్ర్యం అనే మాటలో ఉండే స్వేచ్ఛ ఎంత ఉన్నదో, మారే స్వేచ్ఛ కూడా అంతే ఉన్నది. అయితే ఆ స్వేచ్ఛకు మూల్యం కూడా ఉండినది: బౌద్ధులైన దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు కేంద్ర చట్టంలో 1990లో గాని రాలేదు. హక్కు కాగితం మీద ఉండడం వేరు. వెల చెల్లించకుండా దానిని వాడుకోగలగడం వేరు.

మన దేశం మాటే కాదు, మన ఉపఖండం మొత్తానికి ఇందులో ఒక పాఠం ఉన్నది. మన రాజ్యాంగ సభ ఆ అధికరణను ఆమోదించిన నాలుగు రోజులకు, 1948 డిసెంబరు 10న, పారిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 48 దేశాలు, తటస్థంగా 8, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. దాని మొదటి అధికరణలో 'పురుషులందరు' అన్న అర్థం వచ్చే మాటను మార్పించి 'మానవులందరు' అని ఉండేటట్లు చేసినవారు మన దేశ ప్రతినిధి శ్రీమతి హంసా మెహతా. 18వ అధికరణ ఆలోచన, అంతరాత్మ, మతం అనే మూడింటి స్వేచ్ఛను, మతం మార్చుకొనే స్వేచ్ఛతో సహా, ప్రకటించింది. మతం మార్చుకొనే మాటపై కొన్ని దేశాలు అభ్యంతరం చెప్పగా, దానిని సమర్థించి మాట్లాడినవారు పాకిస్తాన్ విదేశాంగ మంత్రి సర్ ముహమ్మద్ జఫ్రుల్లా ఖాన్.

ఆయన అహ్మదీయ శాఖకు చెందినవారు. తరువాత అంతర్జాతీయ న్యాయస్థానానికి అధ్యక్షులయ్యారు. కాని 1974లో ఆయన దేశపు రాజ్యాంగ సవరణ ఆ శాఖవారు ముస్లింలు కారని ప్రకటించింది. 1984 నాటి ఆర్డినెన్సు వారు తమను ముస్లింలమని చెప్పుకోవడాన్నే నేరం చేసింది. ప్రపంచం ముందు అందరి స్వేచ్ఛ కోసం మాట్లాడిన మనిషి స్వేచ్ఛను ఆయన జీవితకాలంలోనే కుదించివేశారు. పొరుగువారిని వేలెత్తి చూపడానికి ఇది వ్రాయడం లేదు. 1947లోను, 1984లోను, 1992-93లోను, 2002లోను మన వీధులలో జరిగినవి మనకు తెలుసు. ఎక్కడైనా సరే, ఈ రోజు ఇంకొకరి తలుపుకు వేసిన తాళం రేపు ఎవరి తలుపుకు వేస్తారో ఎవరూ చెప్పలేరు.

అయితే స్వేచ్ఛకు హద్దులు లేవా అని పాఠకులు అడగవచ్చు. ఉన్నాయి, అవి 25వ అధికరణ మొదటి మాటలలోనే ఉన్నాయి. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు — వీటికి లోబడియే ఈ స్వాతంత్ర్యం. 2000 సంవత్సరంలో ఒక ప్రార్థనామందిరం లౌడ్‌స్పీకర్ల తగాదాలో, ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అన్నది. మన టౌన్‌షిప్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయేవారి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. గణపతి పందిరివారు గాని, మరెవరు గాని ఈ మాటను గుర్తుంచుకొంటే మేలు.

హద్దు ఎక్కడ గీయాలన్నది కర్మాగారంలో ప్రతి ఏటా ఎదురయ్యే ప్రశ్న. కార్తీకమాసం రాగానే అయ్యప్ప దీక్ష తీసుకొన్న కార్మికులు నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా తిరుగుతారు. షాపు నేల మీద ఉక్కు పొట్టు, వేడి ముక్కలు ఉంటాయి. భద్రతా బూట్లు లేకుండా అడుగు పెట్టనివ్వలేము. బూట్లు వేసుకో, లేదా సెలవు పెట్టు అనడం ఒక దారి. నియమాన్ని చూడనట్లు వదిలివేయడం ఇంకొక దారి. రెండూ తప్పులే. మొదటిది అతని వ్రతాన్ని, రెండవది అతని పాదాన్ని తేలికగా చూస్తుంది. మేము పోయిన దారి మూడవది: ఆ నలభై ఒక్క రోజులు అతనిని డ్రాయింగుల గదిలోనో, రికార్డుల పనిలోనో వేయడం. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవారికి కొలిమి దగ్గర పని తప్పించి, సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు పావుగంట చూసుకోవడం కూడా అటువంటిదే. క్రిస్మస్ నాడు క్రైస్తవ మిత్రుని షిఫ్టును మరొకరు తీసుకోవడం, దీపావళి నాడు అతడు బదులు తీర్చడం మనకు కొత్త కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తలపాగా ధరించే సిక్కులకు హెల్మెట్ విషయంలో మినహాయింపు ఇచ్చినప్పుడు కూడా ఇదే ఆలోచన.

ఇటువంటి సర్దుబాట్లు మెతకదనమని కొందరు పర్యవేక్షకులు అనుకుంటారు. వారికి మా అబ్బాయి చిన్నతనంలో అడిగిన ప్రశ్న ఒకటి చెబుతాము. బాయిలర్ల వైపు పోయే రోడ్డు ప్రక్కన ఆవిరి గొట్టాలను చూసి, "నాన్నా, ఈ పైపు తిన్నగా పోకుండా మధ్యలో గుర్రపు నాడాలాగా ఎందుకు వంగింది? ఇనుము దండుగ కదా!" అన్నాడు. దండుగ కాదు. నూరు మీటర్ల ఉక్కు గొట్టం మూడు వందల డిగ్రీలు వేడెక్కితే సుమారు 36 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగుదలకు చోటివ్వకుండా రెండు చివరలా బిగించివేస్తే, గొట్టం వంగుతుంది, లేదా దానిని పట్టుకొన్న పునాదినే పగలగొడుతుంది. ఆ వంపే గొట్టాన్ని కాపాడుతున్నది. చూడడానికి తిన్నగా, బిగువుగా ఉన్నదే బలమైనదని అనుకోవడం అనుభవం లేనివారి భ్రమ.

శాంతి కూడా అటువంటిదే. అందరూ ఒకే విధంగా నమస్కరించే చోట శాంతి ఉన్నదని మనం పొరబడతాము. అక్కడ ఉన్నది ఒక్కొక్కప్పుడు బిగింపు మాత్రమే. ఒకరు పాడుతూ, ఇంకొకరు మౌనంగా నిలబడి, మూడవవారు కొంచెం దూరంగా ఉండి, పని గంట మ్రోగగానే ముగ్గురూ ఒకే క్రేను క్రింద ఒకరి సైగను ఒకరు నమ్మి పనిచేయగలిగితే, అది శాంతి. ఆ నమ్మకానికి పునాది మతాల పోలిక కాదు, మనుషుల నిజాయితీ.

మేస్త్రి గారు పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయినది, ఇప్పుడు లేరు. ఆ ఎలక్ట్రీషియన్ కొన్నేళ్ల తరువాత వేరే యూనిట్‌కు బదిలీ అయి వెళ్లాడు. వీడ్కోలు సభ అయిన తరువాత మేము అతనిని ప్రక్కకు పిలిచి, ఆ దసరా నాడు నలుగురి ముందు అన్న మాటకు క్షమాపణ చెప్పుకొన్నాము. నలుగురి ముందు చేసిన తప్పును ఒంటరిగా దిద్దుకొన్నామన్న వెలితి మాకు ఇప్పటికీ ఉన్నది. ఈ వ్యాసం ఆ బాకీలో కొంత.

అతడు కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "ఆ మాట నేను మరచిపోలేదు సార్. కాని ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెప్పింది మాత్రం అది కాదు. మేస్త్రి గారు తాళాలు మళ్లీ నా చేతికే ఇచ్చారని చెప్పాను."